అన్ని కాలాల టైరు: ఎవరి కాలాలు?

బేగంపేట వాతావరణ కేంద్రపు చిట్టాలో 1946 జనవరి 8వ తేదీకి ఒక ప్రత్యేకత ఉంది. ఆనాడు కనిష్ఠ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీల సెల్సియస్ దాకా దిగింది. ఆ కేంద్రంలో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత అదే. సికింద్రాబాదుకు కూతవేటు దూరంలోని కేంద్రం కనుక, ఈ ఊరి చలికి అది పొలిమేర అనుకోవచ్చు. టైర్లు తయారుచేసేవారి లెక్క వేరు. మామూలు వేసవి టైరు ఎక్కడిదాకా పనికివస్తుందో చెప్పడానికి వారు 7 డిగ్రీలను గుర్తుగా వాడుకుంటారు. అది ప్రకృతి గీసిన గీత కాదు, అనుభవం మీద వేసిన ఉజ్జాయింపు. అయినా ఆ ఉజ్జాయింపు ప్రకారం చూస్తే, ఈ ఊరు ఎరిగిన అతి చలిరోజు వాళ్ళ శీతకాలానికి గడప మాత్రమే. ఇంట్లోకి అడుగే పెట్టలేదన్నమాట.

మరి మంచు ఎరుగని సికింద్రాబాదుకూ మంచు టైర్లకూ ఏమిటి సంబంధం? ఉంది. మారేడుపల్లిలోనో, పద్మారావునగర్‌లోనో, తార్నాకలోనో పెరిగి మినియాపొలిస్‌లో, బఫెలోలో, టొరంటోలో, డెట్రాయిట్‌లో స్థిరపడినవారు కోకొల్లలు. నాలుగేళ్ళు కష్టపడ్డాక వారిలో చాలామంది ముచ్చటపడి ఒక ఖరీదైన సెడాన్ కొనుక్కుంటారు. దాని టైర్ల మీద "ఆల్ సీజన్" అన్న మాట ఉంటుంది. అన్ని కాలాలకూ పనికివస్తుందని దానికి మనం అర్థం చెప్పుకుంటాం. నిఘంటువు ప్రకారం అది సరైన అర్థమే. రోడ్డు మీద మాత్రం కాదు. ఆ మాటకు ఒక పుట్టిన ఊరు ఉంది, పుట్టిన సంవత్సరం ఉంది, పుట్టడానికి ఒక కారణం ఉంది. అవి తెలియకుండా ఆ మాటను నమ్మితే నష్టపోయేది డబ్బొక్కటే కాదు. అందుకే ఈ చరిత్ర.

ముందుగా మన భాష సంగతి. తెలుగులో "మంచు" ఒక్కటే మాట. సంక్రాంతి ముందు పొలాల మీద కమ్ముకునే పొగమంచూ మంచే, గడ్డిపరక మీది బిందువూ మంచే, హిమాలయాల మీద పేరుకున్నదీ మంచే, సోడా బండివాడు సుత్తితో కొట్టేది మంచుగడ్డ. మనకు అంతకుమించి అవసరం పడలేదు. ఫిన్లండువారికి పడింది. వారి భాషలో ఆకాశం నుంచి రాలేది "లుమి", గడ్డకట్టి అద్దంలా మారినది "యా", సగం కరిగి బురదలా తయారైనది "లోస్కా". టైరుకు ఈ మూడూ మూడు వేర్వేరు శత్రువులు. ఒకదానిని గెలిచే ఉపాయం ఇంకొకదాని దగ్గర ఓడిపోతుంది. మన ఋతువులు ఆరు. వాటిలో హేమంతం పేరులోనే హిమం ఉన్నా, దక్కను పీఠభూమి మీద అది దుప్పటి కప్పుకుంటే తీరిపోయే చలి. ఒక్క మాటలో అన్నింటినీ ఇముడ్చుకునే అలవాటుతో వెళ్ళినవారికి "ఆల్ సీజన్" అన్న మాటలో అనుమానించవలసినదేమీ కనబడదు.

నిజానికి రబ్బరుకూ ఋతువులకూ వైరం టైరు కంటే పాతది. 1823లో చార్ల్స్ మాకింటోష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పూత పెట్టి వానకోటు తయారుచేశాడు. వానకు అది బాగానే ఆగింది. వేసవిలో జిగటపట్టింది, శీతకాలంలో అట్టలా బిగిసింది. ముడి రబ్బరు స్వభావమే అంత. అమెరికాలో చార్ల్స్ గుడ్‌యియర్ అనే ఆయన తన ఆస్తినీ ఆరోగ్యాన్నీ ధారపోసి వెదికినది దీనికి విరుగుడే. 1839లో మసాచుసెట్స్ రాష్ట్రంలో, గంధకం కలిపిన రబ్బరు వేడి పొయ్యికి తగిలినప్పుడు ఆయనకు దారి దొరికింది. ఆ ముక్కను రాత్రంతా వంటింటి తలుపు బయట, ఎముకలు కొరికే చలిలో మేకుకు కొట్టి ఉంచాడనీ, తెల్లవారి చూస్తే అది మెత్తగానే ఉన్నదనీ చెబుతారు. 1844లో పేటెంటు వచ్చింది. 1860లో ఆయన అప్పులతోనే పోయాడు. 1898లో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్‌లో పుట్టిన గుడ్‌యియర్ టైర్ల సంస్థకు ఆయన పేరు గౌరవంగా పెట్టుకున్నదే తప్ప, ఆయనకు దానితో సంబంధం లేదు. కాని నూటముప్ఫై ఎనిమిదేళ్ళ తరువాత "అన్ని కాలాల టైరు" పుట్టినది ఆ సంస్థలోనే. ఆయన వెతుకులాట అక్కడికి చేరింది.

గంధకం రబ్బరు వైరాన్ని తగ్గించింది గాని తుడిచివేయలేదు. రబ్బరు అంటే పొడవాటి గొలుసుల వంటి బణువుల చిక్కుముడి. వెచ్చగా ఉన్నంతసేపు ఆ గొలుసులు కదులుతాయి, వంగుతాయి, రోడ్డు మీది గరుకులోకి చొరబడి పట్టు సంపాదిస్తాయి. చలి పెరిగేకొద్దీ కదలిక మందగించి చివరకు గాజులా బిగుసుకుంటాయి. ఎంత చలికి బిగుసుకుంటుందన్నది రబ్బరు పాళ్ళను బట్టి ఉంటుంది. చలిలో మెత్తగా ఉండేటట్లు కలిపితే ఎండలో తొందరగా అరుగుతుంది. ఎండకు నిలిచేటట్లు కలిపితే చలిలో రాయి అవుతుంది. ఈ తగవు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. తీర్చామని చెప్పే ప్రతి టైరూ ఎక్కడో ఒకచోట రాజీపడినదే.

గాలి నింపిన చక్రానికి 1845లో రాబర్ట్ థామ్సన్, 1888లో జాన్ బాయ్డ్ డన్లప్ పేటెంట్లు తీసుకున్నారు. ఇద్దరూ స్కాట్లండులో పుట్టినవారే. డన్లప్ పేరు మన దేశంలో ఎంతగా నాటుకుందంటే, ఎద్దుల బండికి ఇనుప పట్టా తీసి రబ్బరు చక్రాలు వేస్తే కొన్ని ప్రాంతాలలో దాన్ని డన్లప్ బండి అన్నారు. మనవారు టైరు బండి అన్నారు. తొలినాటి మోటారు టైర్లు చాలావరకు నున్నగా ఉండేవి, మంచులోనూ బురదలోనూ జారేవి. డ్రైవర్లు చక్రాలకు తాళ్ళు చుట్టుకునేవారు. అది చూసి న్యూయార్క్ రాష్ట్రంలో హారీ వీడ్ అనే ఆయన గొలుసులు చుట్టే పద్ధతి కనిపెట్టి 1904లో పేటెంటు పొందాడు. అదే సంవత్సరం వేల్స్ దేశంలోని స్లనెస్లీ పట్టణంలో, స్టెప్నీ వీధిలో, అదనపు చక్రం ఒకటి తయారయింది. రాణీగంజ్ మెకానిక్కు "స్టెప్నీ తియ్యి" అన్నప్పుడల్లా తెలియకుండానే ఆ వీధి పేరే తలుస్తున్నాడు. మంచు గొలుసు మన ఊరికి రాలేదు, స్టెప్నీ వచ్చింది. ఎవరికి ఏది అవసరమో అదే ప్రయాణం చేస్తుంది.

సికింద్రాబాదు టైరును ఎరిగిన తీరు వేరు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోరి చేయించుకున్న రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ 1912లో తయారయి వచ్చేనాటికి ఆయన లేరు, 1911లోనే పోయారు. కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుబడిలో అది ఊరేగింపుల బండిగా మిగిలింది. చౌమహల్లా ప్యాలెస్‌లో దాన్ని ఇప్పటికీ చూడవచ్చు. ఖరీదైన కారు అంటే ఈ గడ్డ మీద తొలి చిత్రం అదే: మెల్లగా, ఎండలో, శుభ్రం చేసిన దారి మీద కదిలే సింహాసనం. సామాన్యుడికి టైరు పరిచయమయింది బస్సు ద్వారా. 1932 జూన్ 15న నిజాం రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టింది. ఆనాటి ఆల్బియన్ బస్సు కూడా స్కాట్లండుదే. కంకర రోడ్డు, మే నెల ఎండ, జులై వాన, ఇవీ ఆ చక్రాలు ఎదుర్కొన్న కాలాలు. టైరు పగులుతుంది, పంక్చరు అవుతుంది, అరుగుతుంది. అరిగితే పైన కొత్త ట్రెడ్డు రబ్బరు అతికించి మళ్ళీ నడుపుతారు. ఈనాడు సదాశివపేట దగ్గర కర్మాగారం నడుపుతున్న ఎం.ఆర్.ఎఫ్. సంస్థ కూడా 1946లో మద్రాసు తిరువొత్తియూరులో బొమ్మ బుడగలతో మొదలై, 1952లో ట్రెడ్డు రబ్బరులోకి, 1961లో టైర్లలోకి వచ్చినదే. ఈ ఆర్థికవ్యవస్థలో టైరు ఆయుస్సుకు ఒకటే కొలత: ఎన్ని కిలోమీటర్లు వచ్చింది? ఎన్ని డిగ్రీల చలికి ఆగింది అని అడగవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

నిజాం బస్సులు మొదలైన రెండేళ్ళకు, 1934లో, ఫిన్లండులో ఆ ప్రశ్నే అడిగి జవాబు చెప్పారు. అక్కడి రోడ్ల మీద మంచు తీసే ఏర్పాట్లు అంతంతమాత్రం. లారీలు దిగబడిపోయేవి. తరువాతి కాలంలో నోకియన్ టైర్స్‌గా పేరు మార్చుకున్న సంస్థ లారీలకోసం అడ్డపట్టీల ట్రెడ్డుతో ఒక టైరు తయారుచేసింది. దాని పేరు "కెలిరెంగాస్", అంటే వాతావరణపు టైరు. ప్రపంచంలో మొట్టమొదటి శీతకాలపు టైరు అదే అంటారు. 1936లో కార్లకోసం "లుమి హక్కపెలిట్టా" వచ్చింది. హక్కపెలిట్టాలు 17వ శతాబ్దిలో స్వీడన్ రాజు సైన్యంలో పోరాడిన ఫిన్నిష్ అశ్వికులు. మంచుతో తలపడే టైరుకు సైనికుల పేరు పెట్టుకున్నారంటే, ఆ దేశం శీతకాలాన్ని ఎలా చూస్తుందో తెలుస్తుంది. 1978 నాటికి అక్కడ శీతకాలపు టైర్లు చట్టమే అయ్యాయి.

అమెరికా మరో దారి పట్టింది. 1952లో గుడ్‌యియర్ "సబర్బనైట్" అనే మంచు టైరును తెచ్చింది. పేరు చూడండి: శివారు నివాసి. యుద్ధానంతరం ఊరి బయట ఇల్లు కట్టుకుని, ఉద్యోగానికి కారులో పోయే మధ్యతరగతి మనిషికోసం చేసినది. అప్పటి కార్లకు ఇంజను బలం వెనుక చక్రాలకు పోయేది, అందువల్ల నవంబరులో వెనుక రెండింటికీ మంచు టైర్లు వేయించుకుని, ఏప్రిల్‌లో తీయించుకునేవారు. డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకుని వెనుక బరువు పెంచుకున్నవారూ ఉన్నారు. 1960లలో ఇనుప మేకుల టైర్లు ప్రబలాయి. అవి గడ్డమంచును పట్టుకున్నాయి, దానితోపాటు రోడ్లనూ చెక్కేశాయి. 1971లో మినెసోటా, ఒంటారియోలు వాటిని వద్దన్నాయి. ఏడాదికి రెండుసార్లు టైర్లు మార్పించుకోవడం, వాడనివాటిని గ్యారేజీలో దాచుకోవడం జనానికి విసుగు పుట్టించింది. ఈ విసుగులోంచే "ఆల్ సీజన్" పుట్టింది.

1977 అంటే తెలుగువారికి దివిసీమ ఉప్పెన గుర్తుకువస్తుంది. ఆ సంవత్సరమే న్యూయార్క్‌లో ఉత్తర అమెరికా తెలుగువారి తొలి మహాసభ జరిగింది, తానా అందులోంచి రూపుదిద్దుకుంది. ఆ సంవత్సరమే మన దేశంలో జె.కె. టైర్ రేడియల్ టైరును ప్రవేశపెట్టింది. ఆ సంవత్సరమే ఏక్రన్‌లో గుడ్‌యియర్ "టియెంపో" అనే రేడియల్ టైరును విడుదల చేసి, ఇక శీతకాలానికి టైర్లు మార్చనక్కర లేదని చెప్పింది. అమెరికాలో అన్ని కాలాల టైరు అన్న వర్గానికి అదే ఆద్యం. ఈ నాలుగు సంఘటనలకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. కాని మనవారు ఆ దేశంలో ఊరూరా సంఘాలు పెట్టుకుంటున్న కాలంలోనే ఆ దేశం రెండు జతల టైర్ల అలవాటును వదులుకోవడం మొదలుపెట్టింది. మనవారు చూసినదీ నేర్చుకున్నదీ ఒక జత అమెరికానే.

టియెంపో మోసం కాదు. ఏక్రన్ శీతకాలానికి, ఎప్పటికప్పుడు మంచు తీసి ఉప్పు చల్లే నగర వీధులకు అది సరిపోయే రాజీ. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, దాని పేరు దాని పుట్టిన ఊరిని దాచిపెట్టింది. టైరు పక్కభాగాన "ఎం ప్లస్ ఎస్" అనే గుర్తు ఉంటుంది, బురద, మంచు అని దాని భావం. ఆ గుర్తుకు అమెరికా టైర్ల పరిశ్రమ పెట్టుకున్న నిర్వచనం జ్యామితికి సంబంధించినది: ట్రెడ్డులో దాదాపు నాలుగో వంతు ఖాళీగా, గాళ్ళుగా ఉండాలి. అది ఏ రబ్బరుతో చేశారు, చలిలో బిగుసుకుంటుందా, మంచు మీద నడిపి చూశారా అన్న ప్రశ్నలు అందులో లేవు. వెడల్పాటి గాళ్ళుంటే చాలు, గుర్తు వేసుకోవచ్చు. పరీక్ష రాయకుండా ఇచ్చిన పట్టా వంటిది.

1965 నాటి వలస చట్టంతో దేశాలవారీ కోటాలు పోయి, 1968 నుంచి అమలు మొదలయ్యాక, తెలుగు డాక్టర్లూ ఇంజనీర్లూ పెద్ద సంఖ్యలో అమెరికా చేరారు. కార్ల రాజధాని డెట్రాయిట్ వారికి ముఖ్యమైన మజిలీలలో ఒకటి. 1998లో డెట్రాయిట్ తెలుగు సాహితీ సమితి పుట్టినది కూడా ఆ మంచు ఊళ్ళోనే. ఆ దశకంలో సాఫ్ట్‌వేర్ తరం వచ్చింది. మనవారు వెంట తీసుకుపోయిన సామానులో పచ్చళ్ళతోపాటు కొన్ని అలవాట్లూ ఉన్నాయి. టైరును మైళ్ళతో కొలవడం ఒకటి. పూర్తిగా అరిగేదాకా వాడడం రెండు. అన్నింటికంటే ఎక్కువ మైళ్ళ హామీ ఉన్న టైరును ఎంచుకోవడం వారికి సహజంగా తోచింది. ఎక్కువ మైళ్ళు రావాలంటే రబ్బరు గట్టిగా ఉండాలి. గట్టి రబ్బరు చలిలో మరింత గట్టిపడుతుంది. ఊళ్ళో పొదుపు అనిపించుకున్న గుణమే అక్కడ ప్రమాదమైంది.

ఇక ఖరీదైన సెడాన్. మామూలు కార్లు ముందు చక్రాల నడకకు మారిపోయాక కూడా జర్మన్ సెడాన్లు చాలాకాలం వెనుక చక్రాల నడకనే పట్టుకుని ఉన్నాయి. 1980లో ఆడి సంస్థ "క్వాట్రో"తో నాలుగు చక్రాల నడకను రోడ్డు కార్లకు గట్టిగా తెచ్చింది. 1985లో బి.ఎం.డబ్ల్యు., మెర్సిడెస్ సంస్థలు తమ రూపాలను ప్రకటించాయి. అంతకుముందే 1978లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో బాష్ సంస్థ చేసిన ఎ.బి.ఎస్. బ్రేకులు వచ్చాయి. 1995లో కారు పక్కకు జారకుండా చూసే స్థిరత్వ నియంత్రణ వచ్చింది. ఇన్ని రక్షణలున్న కారులో కూర్చున్నవారికి టైరు ఒక చిన్న విషయంగా కనబడడంలో ఆశ్చర్యం లేదు.

కాని ఈ యంత్రాలేవీ పట్టును సృష్టించలేవు. ఉన్న పట్టును పంచగలవు, అంతే. నాలుగు చక్రాల నడక బయలుదేరడానికి సాయపడుతుంది, ఆగడానికి కాదు. ఆగేటప్పుడు ప్రతి కారూ నాలుగు చక్రాల కారే, చౌక కారుకూ బ్రేకులు నాలుగింటికీ ఉంటాయి. పైగా ఖరీదైన కారు బరువు ఎక్కువ, టైర్లు వెడల్పు, వాటి గోడలు పొట్టి. వెడల్పాటి టైరు పొడి రోడ్డు మీద రాజు. కొత్తగా పడిన మంచులో అది తెప్పలా తేలుతుంది, సన్నని టైరు మంచును కోసుకుంటూ కిందికి దిగుతుంది. కొన్ని ఖరీదైన కార్లు కొన్ననాడు వేసవి టైర్లతోనే వస్తాయి, యజమాని గమనించడు. ధర ఎక్కువ పెట్టామన్న ధైర్యం, కారు సునాయాసంగా కదిలిందన్న ధైర్యం, రెండూ కలిసి మొదటి కూడలి దగ్గర బయటపడతాయి. గడ్డమంచు మరీ చల్లగా ఉన్నప్పటికంటే సున్నా డిగ్రీల దగ్గర, పైన నీటి పొర ఉన్నప్పుడు ఎక్కువ జారుతుంది. చలి తగ్గిందని మనసు తేలికపడే రోజే జాగ్రత్తపడవలసిన రోజు.

ఈ అయోమయాన్ని తగ్గించడానికి 1999లో అమెరికా, కెనడా దేశాల టైర్ల పరిశ్రమ సంఘాలు కొత్త గుర్తు తెచ్చాయి: మూడు శిఖరాల కొండ, దానిలో మంచు రేకు. ఇది జ్యామితి కాదు, పరీక్ష. గట్టిపడిన మంచు మీద నడిపి, ప్రమాణంగా పెట్టుకున్న టైరు పట్టును 100 అనుకుంటే, కనీసం 110 తెచ్చుకోవాలి. అయితే ఈ పట్టాకూ హద్దు ఉంది. అమెరికా పరీక్షలో చూసేది మంచు మీద ముందుకు లాగే పట్టు. గడ్డమంచు మీద ఆగడం, మలుపు తిరగడం అందులో లేవు. గడ్డమంచుకోసం ప్రత్యేకంగా కృషి చేసినవారు జపానువారు. మేకుల టైర్లు రేపే దుమ్ముతో అక్కడి నగరాలు ఉక్కిరిబిక్కిరయ్యాయి, 1990లో ఏకంగా ఆ దుమ్ముమీదే చట్టం వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు, 1988లో, బ్రిడ్జ్‌స్టోన్ "బ్లిజాక్"ను తెచ్చింది. దాని రబ్బరులో సన్నని రంధ్రాలుంటాయి, అవి మంచు మీది నీటి పొరను పీల్చుకుంటాయి.

చట్టాలు కూడా "ఆల్ సీజన్" మాటను నమ్మడం మానుకున్నాయి. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం 2008 నుంచి శీతకాలపు టైర్లను తప్పనిసరి చేసి, 2014 డిసెంబరు నుంచి కొండ గుర్తు గాని మేకులు గాని లేనివి చెల్లవన్నది. 2019 నుంచి గడువును డిసెంబరు 1కి ముందుకు జరిపింది. జర్మనీ 2010లో నియమాన్ని స్పష్టం చేసి, 2018 జనవరి నుంచి తయారయ్యే టైర్లకు కొండ గుర్తు ఉండాలన్నది. పాత ఎం ప్లస్ ఎస్ టైర్లకు ఇచ్చిన గడువు 2024 సెప్టెంబరుతో తీరిపోయింది. 1977 నాటి మాటకు అక్కడ చట్టపరంగా కాలం చెల్లింది. మరోవైపు 2015లో మిషెలిన్ "క్రాస్ క్లైమేట్" వంటివి వచ్చాయి. ఏడాది పొడవునా వాడదగినవే, కొండ గుర్తు పరీక్ష నెగ్గినవే. అమెరికాలో వీటిని వేరు చేయడానికి "ఆల్ వెదర్" అంటున్నారు. ఫిన్లండువారి 1934 నాటి పేరుకు, వాతావరణపు టైరుకు, తిరిగి చేరుకున్నట్లే.

ఈ చరిత్ర నుంచి ఎంపిక తనంతట తానే తేలుతుంది. మీరున్న ఊళ్ళో నెలల తరబడి 7 డిగ్రీల లోపే ఉండి, మంచు తీయకముందే బయలుదేరవలసిన ఉద్యోగమైతే, లేదా కొండదారి, సరస్సు పక్క ఊరు అయితే, రెండు జతలే దారి. ఒక జత వాడుతుండగా రెండోది అరగదు కనుక ఖర్చు పైకి కనిపించినంత రెట్టింపు కాదు. మంచు అప్పుడప్పుడు పడి, రోడ్లు వెంటనే శుభ్రపడే నగరమైతే కొండ గుర్తున్న అన్ని కాలాల టైరు చాలు. కొండ గుర్తు లేని ఎం ప్లస్ ఎస్ టైరును సికింద్రాబాదుకు పనికివచ్చే టైరుగానే లెక్కించండి. శీతకాలపు జతకు కారు తయారీదారు అనుమతించినంతలో చిన్న రిమ్ము, సన్నని టైరు ఎంచుకోవడం మేలు. బరువు మోసే అంకె మాత్రం తగ్గకూడదు. రెండు టైర్లే మార్చి పొదుపు చేయడం వెనుక చక్రాల బండ్ల కాలపు అలవాటు. ముందు పట్టు, వెనుక జారుడు అయితే కారు బొంగరమవుతుంది. నాలుగూ ఒకటే ఉండాలి.

టైరు మీది అక్షరాలను కూడా అపార్థం చేసుకోవద్దు. అమెరికా టైర్ల మీద "టెంపరేచర్ ఎ" అని ఉంటే అది వేడిని తట్టుకునే శక్తికి మార్కు, చలికి కాదు. "ట్రాక్షన్" అక్షరం తడి రోడ్డుకు సంబంధించినది, మంచుకు కాదు. డి.ఓ.టి. అంకెల చివరి నాలుగూ తయారైన వారం, సంవత్సరం. చట్టం 1.6 మిల్లీమీటర్ల ట్రెడ్డు దాకా ఊరుకుంటుంది, ఆస్ట్రియా మాత్రం శీతకాలపు టైరుకు 4 మిల్లీమీటర్లు అడుగుతుంది. మంచు విషయంలో ఆస్ట్రియా మాటే వినదగినది. ఉష్ణోగ్రత 6 డిగ్రీలు పడిపోతే టైరులో గాలి దాదాపు ఒక పౌండు తగ్గుతుంది. ఎండలో నింపిన గాలి డిసెంబరుకు చాలదు.

ప్రమాణం అనేది ఒక ఊరి అనుభవానికి పెట్టిన పేరు. ఏక్రన్ తన శీతకాలానికి ఒక పేరు పెట్టుకుంది, ఆ పేరు ఊరు విడిచి లోకమంతా తిరిగింది. సికింద్రాబాదు తన ఎండను బట్టి టైరును అర్థం చేసుకుంది, ఆ అర్థం పిల్లలతోపాటు సముద్రాలు దాటింది. ఈ రెండూ ఒక కారులో కలిసినప్పుడు, మధ్యలో ఉన్నది మన అరచేయంత వెడల్పున నేలను తాకే నాలుగు రబ్బరు ముక్కలు. ఇంటికి ఫోను చేసినప్పుడు "అక్కడ చలి బాగా ఉందా నాన్నా, స్వెటరు వేసుకుంటున్నావా" అని అమ్మలు అడుగుతూనే ఉంటారు. టైర్ల మీద కొండ గుర్తు ఉందా అని కూడా అడగవచ్చు. ఆ ప్రశ్న కూడా ప్రేమే.